ఇప్పుడు ఏ రంగు?

"ఇప్పుడు ఏ రంగు?" పరీక్షనాళిక పైకెత్తి అడిగాడు సైన్సు మాస్టారు.

"నీలం సార్!" క్లాసంతా ఒక్కసారి అరిచింది.

ఆయనకి బూడిదరంగు మసక తప్ప ఇంకే రంగూ కనబడక ఏడాదయింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఇంట్లో కూడా చెప్పలేదు. పాఠాలన్నీ నోటికొచ్చు. రంగులు పిల్లల్ని అడిగి తెలుసుకుంటాడు. అడగడం మాస్టార్ల అలవాటే కదా, ఎవరికీ అనుమానం రాలేదనుకున్నాడు. కానీ పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళెవరో పైకి ఉత్తరం రాశారు. ఇవాళ ఇనస్పెక్టరు బల్ల పక్కనే నిలబడి, కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నాడు. దొరికిపోతే ఇదే ఆఖరి పాఠం. పాఠం లేని మర్నాడు ఎలా గడుస్తుందో తలుచుకోవడానికే ఆయనకి భయం.

"ఇది మైలుతుత్తం. బాగా వేడిచేస్తే లోపలి నీరు ఆవిరై తెల్లబడుతుంది. నీళ్ళు తగిలితే మళ్ళీ నీలం." స్పిరిటు దీపం వెలిగించి, పొడుగు పట్టకారుతో నాళికని దానిమీద పట్టుకున్నాడు.

"సార్, గాలి కొడుతోంది. కిటికీ వెయ్యనా?" అంది ముందు బెంచీ పిల్ల.

"వద్దమ్మా, వెలుతురుండనీ."

"సార్, దీపం..." అన్నాడు వెనక నుంచి ఎవడో.

"నువ్వూరుకోరా!" అంది ఆ పిల్లే.

మాస్టారు మనసులో రెండు వందలు లెక్కపెట్టాడు.

"ఇప్పుడు?"

ఒక్క క్షణం ఎవరూ పలకలేదు.

"తెలుపు సార్!"

నాలుగు చుక్కలు నీళ్ళు వేశాడు. "ఇప్పుడో?"

"నీలం సార్!" ఈసారి గది దద్దరిల్లింది.

"పోయినవన్నీ ఇలాగే తిరిగొస్తాయా సార్?" అంది ముందు బెంచీ పిల్ల.

"రావమ్మా. కాలిన కాగితం రాదు."

ఇనస్పెక్టరు వంగి నాళికని చూశాడు. ఓసారి దీపం వైపూ చూశాడు.

"రంగు బాగా మారింది మాస్టారూ," అని కాగితం మీద సంతకం గీకి వెంటనే వెళ్ళిపోయాడు.

బతికానురా దేవుడా అనుకున్నాడు మాస్టారు. నాళిక ఇంకా కాలుతుంటుందని గుడ్డ చుట్టి పట్టకారులోంచి తీయబోయాడు. గుడ్డ జారి వేళ్ళు గాజుకి తగిలాయి.

నాళిక అసలు వేడెక్కనే లేదు.