మూడో జత బేరింగులు

"మళ్లీనా చెల్లె?"

అబ్దుల్ రహమాన్ కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకున్నాడు. గద్వాల బస్టాండు దగ్గరి సందులో అతనిది ట్రాక్టర్ల సామాన్ల దుకాణం.

జములమ్మ సంచిలోంచి గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. తోట ట్రాక్టరు ముందు చక్రాల బేరింగులు. నల్లబడి, గీతలు పడి ఉన్నాయి. ఉగాది నుంచి ఇప్పటికి రెండు జతలు పోయాయి. ఇప్పుడు తీసుకుపోయేది మూడోది.

"నీ ట్రాక్టరు నా దుకాణానికి ఇల్లరికం వచ్చినట్టుంది," అంటూ రహమాన్ ఒక బేరింగు తీసి చెవి దగ్గర తిప్పాడు. కరకరలాడింది.

"ఇసుక. ఒక్క గింజ పోయినా చాలు, ఉక్కును కొరుక్కు తింటది. నీ పెనిమిటి చేతులు కడుక్కోకుండనే బిగిస్తుండా ఏంది?"

"ఆయనది జాకీ ఎత్తుడు, నట్టు బిగించుడు. అంతే. కిరసనాయిలుల కడిగేది, గ్రీజు పెట్టేది నేనే అన్నా."

"మరి బక్కయ్య ఎందుకు రాడు? ట్రాక్టరు ఆయనది, బస్సుల తిప్పలు నీకు."

"చెట్లను ఇడిసిపెట్టి వస్తడా?"

మానవపాడు దగ్గర వాళ్లకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. మూడేళ్లుగా సరైన వాన లేదు. మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. బక్కయ్య పక్క చేను బావి నుంచి కావడితో నీళ్లు మోసి, చెట్టుకింత బిందెడు పోస్తున్నాడు. సగం చెట్లు అప్పటికే కట్టెలైపోయాయి.

అమ్ముకోవడానికి మిగిలింది ఆ పాత చిన్న ట్రాక్టరొక్కటే. అది అమ్ముడుపోతే నాలుగో బోరు వేయాలని బక్కయ్య పట్టుదల. కొబ్బరికాయతో నీళ్లు చూసేవాడు వచ్చి చోటు కూడా చూపించి పోయాడు. అక్కడ కాయ అరచేతిలో నిట్టనిలువునా లేచింది. బక్కయ్య ఆ చోట సున్నం పూసిన రాయి పాతాడు. పొద్దున లేస్తూనే దానికి దండం పెట్టుకుంటున్నాడు.

బక్కయ్య అన్న బాలరాజు చేలోనూ కాయ అట్లాగే లేచింది. బాలరాజు వేసిన ఆఖరి బోరులో చుక్క పడలేదు. మూడో రోజు ఆ బోరు పక్కనే శవమై దొరికాడు.

"ఇది గూడ పడకపోతే?" అని జములమ్మ ఒకసారి మొగుణ్ని అడిగింది.

"పడకపోతే అన్న పక్కన ఇంత జాగ ఉంది కదనే," అన్నాడు బక్కయ్య. నవ్వుతూనే అన్నాడు.

ట్రాక్టరు మాత్రం అమ్ముడుపోవడం లేదు. ఇంజను గట్టిదే. కొనడానికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ రోడ్డెక్కించి మానవపాడు దాకా నడిపి చూశారు. బయలుదేరేటప్పుడు ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. తిరిగి వచ్చేసరికి మూలుగుతున్నాయి. చక్రం నడుమ హబ్బు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. వచ్చినవాళ్లు చాయ్ తాగి, మళ్లీ చెప్తామని పోయారు. ఆ రెండు రోజులూ బక్కయ్య అన్నం ముట్టలేదు.

"గ్రీజు ఎట్ల పెడ్తవో నా ఎదురుంగ పెట్టు, చూస్త," అన్నాడు రహమాన్. కొత్త బేరింగులు, గ్రీజు డబ్బా ముందు పెట్టాడు.

జములమ్మ గాజులు పైకి జరుపుకుంది. ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి ఒత్తింది. అవతలి పక్క నుంచి గ్రీజు సేమియాలాగా బయటికి వచ్చేదాకా ఒత్తింది. కొంచెం తిప్పింది. మళ్లీ ఒత్తింది. ఎక్కడా సందు వదల్లేదు.

రహమాన్ కళ్లద్దాలు కిందికి దించుకుని బేరింగును దగ్గరగా చూశాడు.

"మా ఉవైస్ పదేండ్లసంది నా దగ్గర చేస్తుండు. వానికి గిట్ల రాదు. మరి ఎట్ల పోతున్నయ్ ఇవి?"

"మా నసీబు అన్నా."

"నసీబు లేదు, గిసీబు లేదు. సీలు పాతదై ఉంటది. ఇగో, కొత్త సీళ్లు. ఇవి బిగిస్తే దుమ్ము కాదు, గాలి గూడ లోపలికి పోదు." రహమాన్ వాటిని కాగితంలో చుట్టి ఇచ్చాడు. "శుక్రవారం ట్రాక్టరు చూసెటందుకు వచ్చేటాయన నా దోస్తు. కొల్లాపూర్ల మామిడితోట ఉంది. నా మాట మీద వస్తుండు. చక్రం సప్పుడు చేయకపోతే ఆ దినమే తోలుకపోతడు."

"శుక్రవారమేనా?"

"ఖాయం. ఇగ పరేషాన్ కాకు. నీ బోరు పడ్డట్టే అనుకో."

జములమ్మ తల ఊపింది. సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కింది.

దారిలో బోరు లారీ ఒకటి బస్సును దాటి పోయింది. దాని మీద పొడుగాటి పైపులు ఎగిరెగిరి పడుతున్నాయి. అది కనుమరుగయ్యేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఈపాటికి బక్కయ్య చక్రాలు విప్పి, జాకీ తుడిచి, ఎదురుచూస్తుంటాడు. పొద్దున ఆమె బయలుదేరుతుంటే వెంట వాకిలి దాకా వచ్చాడు.

"గ్రీజు నువ్వే పెట్టాలె. నీ చెయ్యి మీదనే నాకు నమ్మకం," అన్నాడు.

ఊరికి ఇంకా కిలోమీటరు ఉందనగా, ఎండిన వాగు దగ్గర బస్సు దిగి, అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, పోయిన రెండుసార్లలాగే జములమ్మ వంగి పిడికెడు సన్న ఇసుక కొంగున ముడి వేసుకుంది.