సొరుగులోని పొగాకు

"ఇది కాదు," అంది ఆమె.

పొగాకు దుకాణం పెద్దాయన నోట్లోంచి పైపు తీసి బూడిద దులిపాడు. ఆ రోజుకి అది మూడో రకం పొగాకు. మొదటినుంచీ లెక్కేస్తే పదహారోది.

ఆమె ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. లాండ్రీలో పని. కోట్ల చిరుగులు కుడుతుంది, ఊడిన గుండీలు వేస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"పైపులో వేసుకునే పొగాకు. ఘాటుండదు. ముందు ఎండు అంజూరం వాసన, దాని వెనక కొత్త తోలు వాసన. మా ఇంట్లోది. ఎనిమిది నెలలైంది."

"మీవారు..." అని ఆగాడు పెద్దాయన.

"పోయారు."

ఆయన ఇంకేమీ అడగలేదు. తన భార్య పోయాక ఆవిడ తలనూనె సీసాను ఏడాది పాటు పారేయలేకపోయాడు. అందుకని తనకంతా అర్థమైందనుకున్నాడు.

"టర్కీ ఆకు అయ్యుంటుంది. కూర్చో అమ్మా," అన్నాడు. "మిగతా పొగాకులు గొంతు పట్టుకుని అరుస్తాయి. ఇది చెవిలో చెబుతుంది. మనమే కాస్త ఒంగి వినాలి."

అలా మొదలైంది. గోడకున్న అరల్లోంచి ఒక్కో సీసా దించేవాడు. చిటికెడు తీసి, వేళ్లతో విడదీసి, పైపులో వదులుగా నింపేవాడు. గట్టిగా లాగితే నాలుక మండుతుంది, వాసన చచ్చిపోతుంది. కాబట్టి వేడి టీ తాగినట్టు కొంచెం కొంచెంగా లాగి, పొగ ఆమె వైపు వదిలేవాడు. ఆమె కళ్లు మూసుకునేది.

ఒకదాంట్లో ఎండుగడ్డి, ఇంకోదాంట్లో తేనె. మరోదాంట్లో చల్లారిన పొయ్యి. నాలుగు వారాలకల్లా ఏ ఆకులో ఏది కలిసిందో చెప్పేస్తోంది.

"నలభై ఏళ్లుగా ఈ కొట్లో కూర్చున్నాను. నాకు పట్టని తేడా నీకు పట్టింది. నీది ముక్కు కాదమ్మా, త్రాసు!" అని నవ్వాడు పెద్దాయన.

ఆమె నవ్వలేదు. ఆమెకు సంతోషం కలగలేదు. ఆ మాటకొస్తే దుఃఖమూ కలగడం లేదు. కూరలో ఉప్పు వేసిందో లేదో తెలియకుండానే తింటోంది. ఒకరోజు ఇస్త్రీపెట్టె చెయ్యికి తగిలి బొబ్బ లేచింది. పక్కావిడ కేకేస్తే గానీ చూసుకోలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది. ముక్కొక్కటే మేలుకుని ఉంది.

కుట్టుకు వచ్చిన ప్రతి కోటునూ ముందు కాలరు దగ్గర వాసన చూసేది. లాండ్రీలో తోటివాళ్లు అది గమనించి, "పాపం, ఇంకా తేరుకోలేదు," అనుకునేవాళ్లు.

ఇంట్లో ముందుగది కర్టెన్ ఉతకలేదు. పోయిన నెల ఆడపడుచు వచ్చి, ఊరి గుడ్డలన్నీ శుభ్రం చేసే చోట పనిచేస్తూ ఇంట్లో ఈ మురికేమిటని దాన్ని విప్పబోయింది.

"ముట్టుకోకు," అంది ఆమె.

"ఎన్నాళ్లు వదినా ఇలా? నాకు మాత్రం అన్నయ్య కాదా? గుడ్డలో మనిషి ఉంటాడా చెప్పు!"

"ఉంటాడు."

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవలేదు. కర్టెన్‌లో వాసన రోజురోజుకీ పలచబడుతోంది. ఆమె తొందరంతా అందుకే. ఆ మరుసటి శనివారమే ఈ దుకాణం మెట్లెక్కింది.

"ఇంక సీసాలు లేవమ్మా," అన్నాడు పెద్దాయన ఇవాళ. ఆమె సంచీ తీసుకుని లేచింది. ఖాళీగా పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. తల గోక్కుని, బల్లకింద సొరుగు లాగి, చిన్న రేకు డబ్బా తీశాడు.

"ఇది అమ్మేది కాదు. ఒకే ఒక్కాయన కోసం కలుపుతాను. ఆకులూ పాళ్లూ ఆయనే చెప్పాడు. పదేళ్లుగా ఇంకొకరికి ఇచ్చింది లేదు. ఇదై ఉండదనుకో, అయినా చూద్దాం."

వెలిగించాడు. సన్నటి నీలం పొగ బల్ల దాటి వచ్చింది.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చింది.

"ఇదే," అంది. గొంతులో వణుకు లేదు, కళ్లలో తడి లేదు.

పెద్దాయనకే కళ్లు చెమర్చాయి. "మీవారికి ఇదెక్కడ దొరికిందో మరి!"

"ఆయన ఎప్పుడొస్తారు?"

"రెండు నెలలకోసారి. ఇవాళే రావాలి, నాలుగింటికి. ఆ గడియారమైనా తప్పుతుందేమో గానీ ఆయన తప్పడు. కలుస్తావా? తన రుచికి ఇంకొకరు తోడున్నారంటే పొంగిపోతాడు."

"కూర్చుంటాను," అంది. గుమ్మం దాకా వెళ్లి, ఫోన్‌లో నాలుగు మాటలు మెల్లగా మాట్లాడి వచ్చింది. ఆలస్యమవుతుందని ఇంట్లో చెబుతోంది కాబోలు అనుకున్నాడు పెద్దాయన. మంచినీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. అరవై ఏళ్లాయన. మెరిసే బూట్లు, బూడిదరంగు కోటు. లోపలికి వస్తూనే టోపీ తీసి నవ్వాడు.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాం!" అన్నాడు పెద్దాయన హుషారుగా. "ఈ అమ్మ వాళ్లాయన పొగాకు కోసం నెల రోజులుగా నా కొట్టంతా గాలించింది. తీరా చూస్తే అది మీదే!"

"అవునా!" ఆయన ముఖం వికసించింది. "ఈ ఊళ్లో దీన్ని తాగేది నేనొక్కడినే అనుకున్నానే! మీవారు రుచి తెలిసిన మనిషమ్మా. ఎక్కడ తెప్పించుకునేవారు?"

ఆమె లేచి ఆయనకు దగ్గరగా వెళ్లి, కోటు కాలరు వైపు ఒకసారి చూసింది.

"మా ఆయన జీవితంలో ఏనాడూ పొగ తాగలేదండీ," అంది, "ఆయన్ని ఎవరో పొడిచి చంపిన మధ్యాహ్నం నేను తలుపు తీసేసరికి, మా ముందుగది నిండా ఈ వాసనే ఉంది."