ఎడారిలో నలుగురికి వంట

అన్నం మళ్లీ అడుగంటింది. గంగారాం గిన్నె దించి, మూత తీసి చూసి, స్టవ్ ఆర్పేశాడు. గోడకు ఆనుకుని కూర్చున్న అతని భార్య రత్నాబాయి లేవలేదు.

“మంట తగ్గించుమని చెప్పిన గద. ఎడారిల ఇట్ల మాడిస్తే మళ్ల ఎసరు పెట్టనీకి నీళ్లు యాడికెళ్లి తెస్తవ్?”

గంగారాం పద్దెనిమిదేళ్లు బట్టల మిల్లులో మగ్గం నడిపిన మనిషి. ఇంతకుముందు ఇంట్లో ఏనాడూ పొయ్యి ముట్టించలేదు. సమ్మె మొదలై ఏడాదిన్నర దాటింది. గేటు దగ్గరికి పోతే, తిరిగి పనిలోకి తీసుకునేవాళ్ల జాబితాలో అతని పేరే లేదన్నారు. కామాటిపుర పదో గల్లీలో, ఒక్క వాళ్లుండే వరస గదుల చాల్‌లోనే అలాంటి మగవాళ్లు తొమ్మిది మంది. పొద్దంతా గదుల ముందు గ్యాలరీలో కూర్చుని కింద పోయే మనుషుల్ని చూసేవాళ్లు.

ఆ రోజుల్లోనే, వానలు మొదలైన వారంలో, రత్నాబాయి ఒక కబురు తెచ్చింది. ఆమె వాల్కేశ్వర్‌లో ఒక గుజరాతీ శేఠ్ ఇంట్లో వంట చేస్తుంది. శేఠ్‌కు ఫోటోలు తీసే పిచ్చి ఉందట. వానలు తగ్గాక ఇద్దరు స్నేహితులతో జైసల్మేర్ అవతలికి పోయి, ఇసుకలో గుడారాలు వేసుకుని రెండు నెలలు ఉంటాడట. అక్కడికి ఆడమనిషిని తీసుకుపోలేక, మీ ఆయనకు వంట వస్తే పంపమన్నాడట.

తనకు వంట రాదు గదా అన్నాడు గంగారాం. నేర్పిస్తానంది.

ఆ సాయంత్రం నుంచే పాఠాలు మొదలయ్యాయి. శేఠ్ వాళ్లు గుడ్డు కూడా ముట్టరు. ఎండు బొంబిల్ లేనిదే ముద్ద దిగని గంగారాం, చేప వాసన తగలని వంట నేర్చుకోవలసి వచ్చింది. గుడారంలో ఒకటే స్టవ్, రోజుకు ఒకటే క్యాను నీళ్లు. రత్నాబాయి అంతా ఆలోచించే పెట్టుకుంది. కూరగాయలు దొరికిన రోజుల్లో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ కూర. దొరకని రోజుల్లో పెసరపప్పు కిచిడి, పచ్చిపులుసు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేనినాడు శనగపిండి నీళ్లలో ఉడికించే పిట్ల. ఒంట్లో బాగాలేకపోతే అటుకులు తడిపి ఇంత ఉప్పు, కారం. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా పప్పులో పోయాలి. ఆమె చెబుతుంటే పెద్ద కూతురు, పదకొండేళ్ల మంగళ అన్నీ బడి నోటుబుక్కులో రాసింది.

“నలుగురికి వండు. శేఠ్, ఆయన దోస్తులిద్దరు, నువ్వు,” అనేది రత్నాబాయి. “అండ్ల ఒకాయనకు కారం పడదంట. ఆయనకు ముందుగాల తీసి పెట్టు.”

జొన్న రొట్టెల దగ్గర అతని పని అయిపోయింది. తడితే విరిగేవి, ఎత్తితే చిరిగేవి. పక్క గది శాంతాబాయి గుమ్మంలో నిలబడి నవ్వింది.

“ఇంత పెద్ద పిల్లను ఇంట్ల పెట్టుకోని మొగోనితోని రొట్టెలు కొట్టిస్తున్నవా, రత్నా?”

“దానికి బడి ఉంది. ఎడారికి పొయ్యేది అది గాదు,” అంది రత్నాబాయి. మంగళ సాయం చేయబోయినా చెయ్యనివ్వలేదు. పుస్తకం తీసుకుని గ్యాలరీలోకి పొమ్మంది.

గణపతి పండుగ నాటికి రొట్టె గుండ్రంగా వచ్చింది. ఏడాదిన్నరలో గంగారాం చేతులు చేసిన మొదటి పని అది. ఆ రొట్టెను పెనం మీంచి తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క తునక నోట్లో వేసుకుని మిగతాది పిల్లలకు పంచింది. ఈ మధ్య ఏదీ చెంచాడు కంటే ఎక్కువ తినడం లేదు. అడిగితే శేఠ్ ఇంట్లో తిన్నానంటోంది. చీర కుచ్చిళ్లు మునుపటికంటే రెండు ఎక్కువ పడుతున్నాయని శాంతాబాయి అంటే, గంగారాం అంతగా పట్టించుకోలేదు. అతని మనసంతా ప్రయాణం మీద ఉంది.

పండుగ అయిన పదో రోజు పొద్దున, నల్లా దగ్గర బిందె ఎత్తబోయి రత్నాబాయి కూలబడింది. ఆసుపత్రిలో డాక్టరు గంగారాంను పక్కకు పిలిచాడు. కడుపులో గడ్డ ఉందని, అది అంతటా పాకిందని, ఇక చేయగలిగింది లేదని చెప్పాడు.

“ఆమెకు ఈ సంగతి మూడు నెలల కిందటే చెప్పాను. భర్తను తీసుకురమ్మంటే మీరు ఊళ్లో లేరంది.”

గంగారాం మంచం పక్కన కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదని అడగబోయాడు. ఆమే అడిగింది.

“పొద్దుగాల ఏం వండినవ్?”

“కిచిడి.”

“చిన్నది తిన్నదా?”

“రెండుసార్లు పెట్టించుకున్నది.”

ఆమె కళ్లు మూసుకుంది. తను ఎడారికి పోనని, ఆమెనూ ముగ్గురు పిల్లలనూ విడిచి ఎక్కడికీ పోనని అతను చెప్పాడు. ఆమె అతని చెయ్యి మీద చెయ్యి వేసి నిద్రపోయింది.

మాట ఇచ్చి తప్పడం గంగారాంకు కష్టంగా తోచింది. శేఠ్ తననే నమ్ముకుని ఉంటాడు. మర్నాడు పిల్లలకు రొట్టెలు చేసిపెట్టి, బస్సెక్కి వాల్కేశ్వర్ పోయాడు. శేఠ్‌ను చూడడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గరే నిలబడి, తాను రత్నాబాయి భర్తనని చెప్పి, వచ్చిన హిందీలో క్షమించమని అడిగాడు. ఆమె ఇక లేవదన్నాడు. పిల్లల్ని వదిలి రెండు నెలలు ఎడారిలో ఉండలేనన్నాడు. తమ చాల్‌లోనే యాదయ్య అని ఒకతను పనిలేక ఉన్నాడని, వారం రోజుల్లో అతనికి అన్నీ నేర్పిస్తానని, ప్రయాణం ఆగదని ధైర్యం చెప్పాడు.

శేఠ్ చేతిలోని పేపరు పక్కన పెట్టి, అతను ముగించేదాకా విన్నాడు.

“మేం ఏ ఎడారికీ పోవడం లేదు,” అన్నాడు.