గొట్టంలో గీతలు

"ఇది గుండు తగిలిన చిల్లేనా?" అన్నాడు కోచ్, కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని.

చిల్లు గుండ్రంగా లేదు. తాళంచెవి దూర్చే కంతలా పొడుగ్గా, పక్కకి ఒరిగి ఉంది. మిగతా గుండ్లు నల్లచుక్క దరిదాపుల్లో లేవు. ఒకటైతే కాగితం మూల చింపుకుని గోడలోకి పోయింది.

కోడలు రైఫిల్ బల్ల మీద పెట్టి తల దించుకుంది. వెనక బెంచీ మీద కూర్చున్న మామగారు అంతకుముందే తల దించుకున్నాడు.

ఆ క్లబ్బులో గురి నేర్పే ఉద్యోగం ఒక్కటే. కోచ్ రిటైరవుతూ, తన కుర్చీ ఎవరిదో ఈ పోటీలోనే తేల్చేస్తానన్నాడు. వడపోతలన్నీ అయ్యాక మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్లాలు, ఆ మామగారి కొడుకూ కోడలూ. ఒకే గోదాం గేటు దగ్గర కాపలా ఉద్యోగం, ఒకే ఇల్లు, ఒకే ఇనప్పెట్టెలో రెండు రైఫిళ్లు. గురిలో ఆమెది పైచేయి అని మొగుడితో సహా అందరికీ తెలుసు. "ఏమోయ్, రేపట్నుంచి ఇంట్లో కూడా మేడమ్ అని సెల్యూట్ కొట్టాలా?" అని గేటు దగ్గర లారీవాళ్లు ఆటపట్టిస్తే నవ్వేసేవాడు. ఇంటికొచ్చి మాత్రం తండ్రి చూస్తుండగానే కంచం ముందు నుంచి సగంలో లేచిపోయేవాడు.

కోచ్ రైఫిల్ విప్పి గొట్టంలోకి చూశాడు. కనుబొమలు పైకి పోయాయి.

"ఇదేంటమ్మా, అద్దంలా ఉంది! లోపల గీతలేవి? ఎవరు శుభ్రం చేశారు దీన్ని?"

"నేనే సార్," అంది కోడలు గబుక్కున.

ముసలాయన బెంచీ పట్టుకుని లేచాడు. "అబద్ధం బాబూ. నన్ను వెనకేసుకొస్తోంది పిచ్చిపిల్ల. చేసింది నేను."

"మీరా?"

"ఈ ఊరొచ్చినప్పట్నుంచీ చెంబులకీ బిందెలకీ మెరుగు పెట్టడమే నా పని. లోపలంతా గీతలు గీతలుగా ఉందని, ఇవాళ తెల్లారకముందే గరుకు గుడ్డ కడ్డీకి చుట్టి, డ్రిల్లు మిషనుకి తగిలించి మెరుగు పెట్టేశాను."

చూడ్డానికొచ్చినవాళ్లు గొల్లుమన్నారు. "పుస్తకంలో అక్షరాలు మరకలనుకుని కడిగేసినట్టుంది!" అన్నాడొకడు.

"మా నాన్న నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే సార్," అన్నాడు కొడుకు. "చేతికందితే చందమామని కూడా తోమేస్తాడు, మచ్చ పోయేదాకా వదలడు. నా రైఫిల్ జోలికి రాలేదు, బతికిపోయాను!"

"నీది పట్టుకునేలోపు మీరు లేచారురా," అన్నాడు ముసలాయన నేలకేసి చూస్తూ.

కొడుకు ఇంకా ఏదో అనబోయాడు. పెళ్లాం మొహం చూశాక నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

కోచ్‌కి కోపం వచ్చింది కానీ, ఆ వణికే చేతులు చూసి దిగమింగాడు. "చిన్నప్పుడు బొంగరం ఆడారా పెద్దాయనా?"

"ఆడాను బాబూ."

"తిరిగినంతసేపే కదా అది నిలబడేది? తిరగడం ఆగితే పడిపోతుంది. గుండు కూడా అంతే. మీరు చూసినవి గీసుకుపోయిన గీతలు కావు, కావాలని కోసినవి. తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయి. సీసం గుండు వాటిని కరుచుకుని, ఆ మెలికతో గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. అందుకే ముక్కుసూటిగా పోతుంది. మీరా మెలిక అరగదీశారు. గుండు పల్టీలు కొట్టింది."

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. బడిలో గోడకి నిలబెట్టిన పిల్లాడిలా అంతా విన్నాడు, ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"ఎవరి తుపాకీ వాళ్ల పూచీ. ఆ నియమం పెట్టింది నేనే," అన్నాడు కోచ్, ఇష్టం లేకుండానే. "ఉద్యోగం మీ ఆయనకే ఇవ్వాలమ్మా."

"తెలుసు సార్." ఆమె మొగుడి వైపు తిరిగి, "కంగ్రాట్స్ సార్," అని ఉత్తుత్తి సెల్యూట్ ఒకటి కొట్టింది. ఆ చెయ్యి కిందికి దించడం మర్చిపోయినట్టు కాసేపలాగే ఉంచి, మామగారి దగ్గరికి వచ్చింది.

"ఊరుకోండి మామయ్యా. నాకు మేలు చేద్దామనే కదా చేశారు. మీకేం తెలుసు పాపం!"

ఆ మాటకి ముసలాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

"ఆటో పిలుచుకొస్తాం, మీరు కూర్చోండి," అంటూ ఆమె మొగుణ్ని తీసుకుని బయటికి నడిచింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కోచ్‌కి జాలేసింది. బీరువాలోంచి ఊడదీసిన గొట్టం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "బాధపడకండి. తెలియక చేసినదానికి ఎవరేం అంటారు? ఇదిగో, మెలిక ఎలా ఉంటుందో మీరే చూడండి."

ముసలాయన వద్దనలేక అందుకున్నాడు. చూపు ఇంకా గుమ్మం వైపే ఉంది, కోడలు వెళ్లిన వైపే. చేతులు మాత్రం వాటంతటవే కదిలాయి. గొట్టం ఒక చివర బొటనవేలి గోరు ఏటవాలుగా ఆనించి, కిటికీ వెలుతురు ఆ గోటి మీద పడి లోపలికి పోయేలా తిప్పాడు. రెండో చివర కన్ను ఆనించి, గొట్టాన్ని వేళ్ల మధ్య మెల్లగా దొర్లించాడు. వణుకు ఎటు పోయిందో పోయింది.

కోచ్ ఆ గోరు వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వెళ్లి తలుపు దగ్గరికి వేసొచ్చి, గొంతు తగ్గించాడు.

"తుపాకీ గొట్టాల్లో మెలికలు కోసే పని ఎన్నేళ్లు చేశారు, పెద్దాయనా?"