ఉల్లివాసన ల్యాప్‌టాప్

“మా ఆయన దీన్ని తెరిస్తే చాలు, కళ్ళు మండుతున్నాయట” అంటూ ఆగ్లయా ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది.

లివియుకు ఒళ్ళు మండింది. బర్లాద్ ఊళ్ళో బస్టాండు పక్కనున్న ఆ కంప్యూటర్ల కొట్టులో, పోయిన శుక్రవారం ఈవిడకు దాన్ని అమ్మింది అతనే. సన్నటిది, తేలికైనది, అన్నం పళ్ళెమంత బరువు కూడా ఉండదని గంటసేపు చెప్పి మరీ అమ్మాడు.

“వెలుగు తగ్గించుకోమనండి అమ్మగారూ. పైన మీట ఉంటుంది.”

“వెలుగు కాదు నాయనా. ధారగా నీళ్ళు కారుతున్నాయట. రోజూ తెల్లారుజామున ఇదే గోల. వారం నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.”

లివియు మూత తెరిచాడు. గుప్పున ఉల్లిపాయ వాసన కొట్టింది. మూసి చూశాడు. మూత నిండా కత్తిగాట్లు.

“దీని మీద ఉల్లిపాయలు తరిగారా?”

“నేనెందుకు తరుగుతాను? అది మా పక్కింటి గ్రిగోరె నిర్వాకం.”

“మీ ఆయన ల్యాప్‌టాప్ గ్రిగోరె దగ్గరికెందుకు వెళ్ళింది?”

“నేనే ఇచ్చాను.”

“మీ ఆయన కోసం కొని గ్రిగోరెకిచ్చారా?”

“మరెవరికిస్తాను? ఆయన వయసువాడు, ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు” అంది ఆగ్లయా, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

లివియు ఇంక తవ్వలేదు. ఈవిడా ఆ ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళందరి లాగే నల్ల రుమాలు కట్టుకుని, సంచిలో మెలికల రొట్టె పెట్టుకుని తిరిగే మనిషి. ఇలాంటివాళ్ళతో వాదనకు దిగితే సాయంత్రం దాకా తేలదు.

మేనేజరు కమీలియా లోపలి గది గుమ్మంలోంచి సైగ చేసింది. పాతది వెనక్కి తీసుకో, ఆ హైబ్రిడ్ ట్యాబ్లెట్‌ను అంటగట్టు అని దాని అర్థం. ఆరు నెలలుగా అది అద్దాల బీరువాలో దుమ్ము తింటోంది.

లివియు దాన్ని బయటికి తీశాడు. కీబోర్డు ఊడదీసి చూపించాడు. మళ్ళీ టక్కున అతికించాడు.

“ఊడదీస్తే ట్యాబ్లెట్, అతికిస్తే ల్యాప్‌టాప్. ఇదుంటే ఇక ఆ పాత రకంతో పనే లేదు. ఇంతకీ ఆయన దీంతో ఏం చేస్తారు?”

“ఫిర్యాదులు రాస్తారు. మా వీధి నీళ్ళ గొట్టం గురించి మునిసిపాలిటీకి పదకొండేళ్ళు రాశారు. ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఇంకా పైవాళ్ళకి రాస్తారట.”

“కూర్చుని రాస్తారా?”

“లేదు, పడుకునే ఉంటారు.”

“అయితే ఇదే సరైనది. గుండెల మీద పెట్టుకుని, దీంతోపాటు వచ్చే ఈ పెన్నుతో తెర మీదే రాసుకోవచ్చు. అక్కడ ఇంటర్నెట్ ఉందా?”

“అడిగాను. తన బాధ చెప్పుకోవడమే తప్ప నేనడిగిందానికి ఆయన ఏనాడు పలికారు గనక. చుట్టూ పచ్చగా ఉంటుందని మాత్రం ఫాదర్‌గారు చెప్పారు.”

కొండల్లో ఏదో ఆరోగ్యశాల కాబోలు అనుకున్నాడు లివియు. అక్కడ కాళ్ళు చాపుకుని పడుకుని, ముసలావిడను ఇలా కొట్టు చుట్టూ తిప్పుతున్న ఆ మహానుభావుడి మీద అతనికి నిజంగానే కోపం వచ్చింది.

“ఒకసారి ఆయన్నే రమ్మనండి. చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది.”

“ఆయన కొట్టుకి రారు నాయనా. రేపు ఇంకా దూరం వెళ్ళిపోతున్నారు. నలభై మూడేళ్ళ కాపురంలో నేను కొన్నది ఒక్కటీ ఆయనకి నచ్చలేదు. వెళ్ళేలోగా ఒక్క వస్తువు బాగుందనిపించుకోవాలి. అంతే.”

ఆగ్లయా రుమాలు కొసతో కళ్ళు ఒత్తుకుంది. లివియు మనసు చివుక్కుమంది. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. ఆ కీబోర్డు ఒట్టి అట్టముక్క. ఒళ్ళో పెట్టుకుంటే తెరను వెనకనుంచి నిలబెట్టే కాలు మడతపడి మొత్తం వెనక్కి వెల్లకిలా పడుతుంది. తనే వాడి చూద్దామని ఇంటికి తీసుకెళ్ళి, రెండో రోజే తిట్టుకుంటూ తెచ్చి బీరువాలో పెట్టాడు.

గుమ్మంలో కమీలియా దగ్గింది.

“నువ్వే అయితే ఈ రెండిట్లో ఏది వాడతావు?” అని అడిగింది ఆగ్లయా.

“ఇదే.”

“రోజూనా?”

“రోజూ. పొద్దున లేస్తే ఇది నా ఒళ్ళో ఉండాల్సిందే.”

“ఒట్టు?”

“మా అమ్మ మీద ఒట్టు.”

ఆగ్లయా మొహం తేటపడింది. అతన్ని ఎగాదిగా చూసింది. “నువ్వూ ఆయనంత పొడుగే. అసలు తప్పు గ్రిగోరెది కాదు, నాది. మిషను సంగతి తెలిసినవాడికి ఇవ్వాల్సింది.”

లివియు బిల్లు రాసి, ట్యాబ్లెట్‌ను డబ్బాలో పెట్టి అందించాడు. ఆమె దాన్ని బల్ల మీదే ఉంచింది. సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి దాని మీద పరిచింది. తువ్వాలు మీద మెలికల రొట్టె పెట్టింది. రొట్టెలో సన్నటి కొవ్వొత్తి గుచ్చి అగ్గిపుల్ల గీసింది.

“అమ్మగారూ, కొట్లో మంట పెట్టకూడదు” అన్నాడు లివియు కంగారుగా.

ఆమె వినిపించుకోలేదు. మొత్తం ఎత్తి అతని చేతుల్లో పెట్టి, శిలువ గుర్తు వేసుకుంది.

“తీసుకో నాయనా, ఒట్టేసినట్టే రోజూ ఒళ్ళో పెట్టుకుని వాడు, రేపటికి మా ఆయన పోయి నలభై రోజులు, ఇక్కడ నీ చేతిలో ఎలా నడిస్తే అక్కడ ఆయనకీ అలాగే నడుస్తుంది.”