లైన్‌మన్ రాలేదు

"ఏమప్పా కదిరప్పా, ఫీజు పోయింది. నీళ్లు పారక సెనిక్కాయ వాడిపోతాండాది, బిన్నా రా!" వాకిట్లో నిలబడి బాలప్ప కేకేశాడు.

లైన్‌మన్ ఎన్నిసార్లు పిలిచినా రాకపోతే, ఇన్నేళ్లూ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫీజు వేసింది కదిరప్పే. కరువు సేద్యం పెళ్లాం తిప్పమ్మకు వదిలి, నిన్ననే లైన్‌మన్ అప్రెంటిసుగా చేరాడు.

"నేనిప్పుడు డిపార్టుమెంటోణ్ణి అన్నా. ఆఫీసులో చెప్పిపో, రేపో మర్నాడో చూస్తాం."

అచ్చం పాత లైన్‌మన్ మాటలే. తిప్పమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"మన మోటరు గూడా ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే ఉండాది. నీ పెండ్లాం పైరు ఎండినా రేపేనా?"

కదిరప్ప తల గోక్కున్నాడు. కొత్త ఖాకీ చొక్కా విప్పి ఆమె చేతిలో పెట్టి, బనీనుతో బయలుదేరాడు.

"ఎవరన్నా అడిగితే, లైన్‌మన్ రాలేదనే చెప్పు."