తూనీగ వీరుడి నలభై మంది

పీహెచ్‌డీ వైవా ఇంకో గంటలో ఉందనగా అట్టపెట్టె తెరిచిన పరిశోధకురాలు ఉన్నవన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూసింది: నలభై మంది అభిమానుల ఉత్తరాలూ ఒకే చేతిరాతలో ఉన్నాయి.

ఐదేళ్ల పరిశోధన ఆ ఉత్తరాల మీదే నిలబడింది. ఒకప్పుడు ఒక కామిక్స్ పత్రిక తన తూనీగ వీరుణ్ణి వచ్చే సంచికలో చంపేస్తున్నట్టు ప్రకటించింది. టైలరు, నర్సు, రైల్వే గార్డు, ఇలా నలభై ఊళ్ల నుంచి నలభై మంది పాఠకులు ఉత్తరాలతో దండెత్తి అతన్ని బతికించుకున్నారు. ఆ అభిమాన సమాజం గురించే ఆమె మూడు వందల పేజీలు రాసింది, పత్రికలో అచ్చయిన ఉత్తరాలు చూసి. అసలువి పత్రికవాళ్లు ఇవాళే పంపారు.

నాలుగు ఉత్తరాలు చూసేసరికి గైడు కుర్చీలో కూలబడ్డాడు.

"పెట్టె మూసెయ్యమ్మా. వస్తున్నది కత్తెర మాస్టారు."

ఆ పరీక్షకుడికి ఆ పేరు ఊరికే రాలేదు. కిందటేడు ఒక కుర్రాడి థీసిస్‌ను ఒక్క ఫుట్‌నోట్ దగ్గర పట్టుకుని నిలువునా కోసేశారు.

ఆమె మూయలేదు. వైవా గదిలో పెట్టెను ఆయన ముందుకు జరిపి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సమాజమూ లేదు, పాడూ లేదు. ఉన్నది ఒక్కడే. ఒక ఉత్తరంలో మాత్రం అక్షరాలు వంకరపోయాయి, అది కదిలే బస్సులో రాసి ఉంటాడు.

గైడు కళ్లు మూసుకున్నాడు.

కత్తెర మాస్టారు ఉత్తరాలు తిరగేశారు. వీరుడు పోతే సూది ముట్టనని టైలరు ఒట్టేశాడు. నర్సు అన్నం మానేస్తానంది. గార్డయితే ఏకంగా రైలే ఆపేస్తానన్నాడు. ఆయన భుజాలు అదరసాగాయి. అయిపోయింది, కోపం వచ్చిందనుకుంది ఆమె. తీరా చూస్తే ఆయన నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు.

"డిగ్రీ ఇచ్చేద్దాం. దాచకుండా చెప్పావు, అది చాలు. కాకపోతే ఒక తప్పు దిద్దుకోవాలి. ఆ వంకర ఉత్తరం బస్సులో రాసింది కాదు."

"మీకెలా తెలుసు సార్?"

ఆయన తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు.

"అది మా బామ్మ రాసిందమ్మా. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆవిడే. మిగతా ముప్పై తొమ్మిదీ రాసేసరికి నా చెయ్యి వాచిపోయింది."